వానకోసం ఎంచిన వైపరు

మబ్బు పట్టిందంటే మా ఇంట్లో ఇద్దరు మగవాళ్ల ముఖాలు రెండు రకాలుగా మారేవి. మా మామ వసారాలోంచి వీధిలోకి దిగి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, ఆకాశం వైపు చూసి రెండు చేతులూ జోడించేవాడు. ఆయన కొడుకు, అంటే మా బావ, అదే మబ్బును చూసి నోటిదాకా వచ్చిన సంగటి ముద్దను మళ్లీ తట్టలో పెట్టేసేవాడు. ఒకరిది పంట, ఇంకొకరిది బస్సు. ఒకే ఇంట్లోంచి ఒకరు కురిపించమనీ ఇంకొకరు ఆపమనీ మొక్కుతుంటే దేవుడు మాత్రం ఎవరి మాట వింటాడు? మన సీమకు వాన సరిగ్గా రాకపోవడానికి కారణం మీరిద్దరేనని నేను వాళ్ల ముఖాల మీదే అనేదాన్ని.

అలా అనే చనువు నాకుంది. మామ అంటే మొగుడి తండ్రి మాత్రమే కాదు, మా అమ్మకు సొంత అన్న. చిన్నప్పటి నుంచీ ఆయన భుజాల మీద తిరిగినదాన్ని. అందుకే మిగతా ఇళ్లలో కోడళ్లు తలుపు చాటున నిలబడే రోజుల్లో నేను నడవాలో నిలబడి మాట్లాడేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వైపు అందరికీ తెలుసు. ఆ కోపం వల్లే ఈ కథలో నేను చెయ్యాల్సిన పని ఒకటి చేశాను. దాని గురించి ఇన్నేళ్ల తర్వాత కూడా గొప్పగా చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా సరే.

మాది మైదుకూరుకు కూతవేటు దూరంలో ఉన్న పల్లె. మామకు భూములున్నాయి, బావులున్నాయి, రెండు జతల కాడెద్దులున్నాయి. వాటన్నిటినీ చూసుకోవాల్సిన ఒక్క కొడుకూ మడక పట్టి దున్ననని బస్సు పట్టుకున్నాడు. బొగ్గుతో నడిచే బస్సుల కాలం అప్పుడే పోయి, పెట్రోలు బస్సులు రోడ్డెక్కిన రోజులవి. ఎక్కడో మద్రాసు వైపు తిరిగి అరిగిన పాత బస్సును మా బావ తెచ్చి, కొత్తగా రంగులు వేయించి, కడప నుంచి మైదుకూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ మీదుగా నంద్యాల దాకా తిప్పేవాడు. తనే యజమాని, తనే డ్రైవరు. ఖాకీ చొక్కా వేసుకుని ఆ స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు, ఇంట్లో తండ్రి ముందు తలెత్తి మాట్లాడని మనిషి ఇతనేనా అనిపించేది. నాకు ఆ ఖాకీ చొక్కా మనిషంటేనే ఎక్కువ ఇష్టం.

మామకు మాత్రం ఆ బస్సు సవతి కొడుకుతో సమానం. దాని పేరెత్తితే ముఖం చిట్లించేవాడు. "గడ్డి ఏస్తే పేడైనా ఏస్తాది ఎద్దు. ఇదేమేస్తాది, పొగ!" అనేవాడు. ఆ మాటకు ఊరంతా నవ్వేది. బావ కూడా తల వంచుకుని నవ్వేవాడు. నాకు మాత్రం కడుపు మండేది.

ఇక వాన సంగతి. మా వైపు వాన లేదనుకునేవాళ్లు మా దసరాలను చూడలేదన్నమాట. ఏడాదంతా ఆకాశం మొండికేసి కూర్చుంటుంది. దసరా, దీపావళి మధ్యలో సముద్రం మీద వాయుగుండం పుట్టిందంటే, బాకీ అంతా ఒక్కసారి తీర్చినట్టు కుండపోతగా కురుస్తుంది. వంకలు పొంగి రోడ్ల మీదికి వస్తాయి. అలాంటి వానలో బండి నడపడం కోస్తా డ్రైవర్లకు రోజూ ఉండే పని. మా వాళ్లకు ఏడాదికి ఒకసారి వచ్చే పరీక్ష.

ఆ పరీక్షలో మా బస్సు అంతకు ముందు ఏడు తప్పింది. ఒక పెళ్లివారిని ఎక్కించుకుని ఆళ్లగడ్డ వైపు పోతుండగా వాన పట్టుకుంది. ముందు అద్దం రెండు ముక్కలుగా ఉండేది. డ్రైవరు ఎదుట ఉన్న ముక్కకే ఒక వైపరు, పక్క ముక్కకు అదీ లేదు. ఆ ఉన్న ఒక్క వైపరు రబ్బరు, ఎండలకు మాడి మాడి, మూకుట్లో మరిచిపోయిన అప్పడంలా తయారైంది. బావ వైపరు తిప్పగానే రబ్బరు పెళుసుగా విరిగి, వట్టి ఇనుప కమ్మీ అద్దం మీద కీచుమని గీసుకుంటూ పోయింది. నీళ్లు తుడవలేదు సరికదా, గీత పడింది. ఏమీ కనిపించక బావ బస్సును చెట్ల కింద నిలబెట్టేశాడు. వాన తగ్గేసరికి ముహూర్తం దాటిపోయింది. పెళ్లివారు మాకు దూరపు చుట్టాలు. ఆ తర్వాత ఎక్కడ ఎవరు కలిసినా "మబ్బును చూస్తే నిలిచిపోయే బస్సు మీదే గదప్పా" అని మామను అడగడం మొదలుపెట్టారు.

మామ పరువుగల మనిషి. ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఒకరోజు పొద్దున్నే వసారాలో కూర్చుని, బావను పిలిచి, ఊళ్లో పెద్దమనుషులు వింటుండగా తేల్చి చెప్పాడు.

"ఈ దసరా వానల్లో నీ బస్సు ఇంగొక్క తూరి దోవలో నిలిచిందంటే అమ్మేస్తాండా. ప్రొద్దుటూరు షావుకారి అడుగుతానే ఉండాడు. ఆ తర్వాత నువ్వు మడక పట్టాల్సిందే."

బావ తల ఊపి లోపలికి వచ్చాడు. గోడకు ఆనుకుని కూర్చుని తన అరచేతులు చూసుకున్నాడు. ఆ బస్సు పోతే ఈ మనిషి బతికి ఉంటాడు కానీ, నాకు ఇష్టమైన మనిషి మాత్రం మిగలడని నాకు ఆ నిమిషంలోనే అర్థమైంది. భయమేసింది. భయం వెనకాలే నా కోపం కూడా వచ్చింది.

"నీ చేతిలో లోపం లేదు బావా. లోపమంతా ఆ రబ్బరుదే. మంచిది కొని పెట్టు" అన్నాను.

"మంచిది ఏదో ఎట్ల తెలుస్తాది? కొన్నప్పుడు అన్నీ నల్లగా, కొత్తగానే ఉంటాయి. వాన వస్తేగదా తెలిసేది" అన్నాడు.

అదీ నిజమే. మా వైపు వైపరు కొనడమంటే, ముఖం చూడకుండా పిల్లను చేసుకున్నట్టే. మంచిదో కాదో తెలిసేది వాన పడ్డ రోజు, అప్పటికి వెనక్కి ఇచ్చే దారి ఉండదు. "నేనూ వస్తా. కర్నూలు పోదాం" అన్నాను.

కర్నూలు అప్పుడు రాజధాని. డేరాల్లో ఆఫీసులు, రోడ్ల నిండా కార్లు. అంతకు ముందు ఒంటెద్దు బండ్లు తిరిగిన సందుల్లో హారన్లు మోగుతుండేవి. కార్లు వచ్చాయి కాబట్టి వాటి సామాన్ల అంగళ్లు కూడా వచ్చాయి. బురుజుకు దగ్గర్లో ఒక సాయిబుగారి అంగడి ఉండేది. టైర్లు, గొట్టాలు, దీపాలు, బోల్టులు, అన్నీ పైకప్పుదాకా పేర్చి ఉండేవి. ఆడమనిషి అంగట్లోకి రావడం చూసి ఆ పెద్దాయన కంగారుగా లేచి, తన పీటను తుడిచి నాకు వేశాడు.

వైపరు రబ్బరు కావాలనగానే ఆయన ఒక మందపాటిది తీసి ముందు పెట్టాడు. "ఇది తీసుకోండమ్మా. కడప తరఫు అందరికీ ఇదే ఇస్తాండా. గట్టి మాల్. ఎన్ని ఎండలు కాసినా చెక్కుచెదరదు" అన్నాడు.

వేలితో నొక్కాను. చెప్పు అట్టలాగా ఉంది. ఇంకేమున్నాయో చూపమన్నాను. నడిమి రకం ఒకటి తీశాడు, తర్వాత కాగితంలో చుట్టిన సన్నటిది ఒకటి. అది విదేశీ సరుకు. అంచు ఎంత పలచగా ఉందంటే, బెండకాయ కొన తుంచి చూసినట్టు వేళ్ల మధ్య వంచితే వంగి, వదలగానే మళ్లీ నిటారుగా లేచింది. సాయిబుగారు తల అడ్డంగా ఊపాడు. "అది మీకు పనికిరాదమ్మా. కోస్తా వాళ్లకు ఇస్తాం అది. మన ఎండకు ఒక్క ఎండాకాలం కూడా ఆగదు."

"ఒక అద్దం ముక్క ఉంటే ఇయ్యండి, నీళ్లు కూడా" అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది కానీ, ఇచ్చాడు. పాత కారు అద్దం ఒకటి గోడకు ఆనించి, చెంబుతో నీళ్లు పోశాను. ముందు గట్టి రబ్బరు పెట్టి లాగాను. కీచుమంది, వెనకాల నీటి చారలు వదిలింది. నడిమిది చారలు తగ్గించింది కానీ మధ్యలో ఎగిరెగిరి పడింది. సన్నటిది లాగితే చప్పుడే లేదు. దాని వెనక అద్దం శుభ్రంగా మెరిసింది. అందులో నా ముఖం, నా వెనకాల నిలబడిన బావ ముఖం కనిపించాయి.

"ఇదే కావాలి."

"ఎండకు ఆగదని చెప్తాండా గదమ్మా" అన్నాడు సాయిబుగారు.

"ఎండలో దాన్ని ఎవరు పెడతారు? వాన లేని రోజుల్లో దానికి అద్దం మీద ఏం పని? ఇంట్లో నీళ్ల కుండల పక్కన చల్లగా దాచిపెడతా. మబ్బు పట్టినప్పుడు బిగించుకుంటాం. మాకు ఎండకు ఆగేది కాదు, వానకు తుడిచేది కావాలి" అన్నాను.

ఆయన బావ వైపు తిరిగి, "ఇన్నాళ్లూ నేను మీ తరఫు వాళ్లకు ఎండను చూసి సరుకు ఇస్తాంటినప్పా. అమ్మ వానను చూసి తీసుకుంటాంది" అన్నాడు. నాకు ఆ మాట ఇప్పటికీ తియ్యగా ఉంటుంది.

మంచి మనిషి. మేం అడక్కుండానే ఇంకా రెండు సంగతులు చెప్పాడు. అద్దానికి నూనె మరక తగలనియ్యొద్దన్నాడు. బూడిదతో తోమి, మంచినీళ్లతో కడగాలన్నాడు. వాన మరీ ఎక్కువైతే పొగాకు తడిపి అద్దానికి రుద్దితే నీళ్లు బొట్లుబొట్లుగా నిలవకుండా పలచగా జారిపోతాయన్నాడు. ఆ చిట్కా బావకూ తెలుసు. నూనె మాట మాత్రం ఇద్దరమూ కొత్తగా విన్నాం.

ఆ రోజు నుంచీ అద్దం బాధ్యత నాది. తెల్లవారకముందే పొయ్యిలో బూడిద జల్లించి, తడిగుడ్డతో అద్దాన్ని తోమేదాన్ని. వైపరు రబ్బరును గుడ్డలో చుట్టి నీళ్ల కుండల పైన ఉట్టిలో పెట్టాను. మా అత్త నవ్వి, "మొగునికి పెట్టే పెరుగు కింద పెట్టి రబ్బరుకు ఉట్టి కట్టింది మా కోడలు" అని ఊరంతా చెప్పుకొచ్చింది. చెప్పుకోనీ అనుకున్నాను. బస్సు మాకు దక్కాలి, అంతే.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో మడకలు, కొడవళ్లు, కపిల సామాను అన్నీ వరసగా పెట్టి పసుపు కుంకుమ పెడతారు. కపిల అంటే బావిలోంచి ఎద్దులతో నీళ్లు తోడే సాధనం. దాని తోలు బాన ఎండకు పగలకుండా మామ ప్రతి దసరాకూ తన చేత్తోనే ఆముదం పట్టించేవాడు. బిడ్డకు తలంటినంత ఓపికగా పట్టించేవాడు. బస్సుకు పూజ చెయ్యడానికి మాత్రం ఆయన రానన్నాడు. మేమే చేసుకున్నాం. ఎవరో అద్దం మీద పసుపు, గంధం పూశారు. పూజ కాగానే నేను వాటిని కడిగేసి, ఉట్టిలోంచి రబ్బరు తీసి బావకు ఇచ్చాను. అది నిగనిగలాడుతోంది. ఎంత బాగా దాచానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆముదం వాసన వచ్చే ఉంటుంది. కానీ ఆ ఇంట్లో దీపం ఆముదం, తల ఆముదం, బండి ఇరుసు ఆముదం. ఆ వాసనను ఎవరు పట్టించుకుంటారు?

పండగ దాటిన కొన్నాళ్లకు నన్ను పుట్టింట్లో దిగబెట్టి చెల్లెల్ని చూసి వస్తానని మామ బయలుదేరాడు. మా పుట్టిల్లు ఆళ్లగడ్డ. ఇద్దరమూ మా బస్సులోనే ఎక్కాం. మైదుకూరులో బస్సు ఆగగానే ప్రొద్దుటూరు షావుకారి ఎక్కాడు. చేతిలో కొత్త గొడుగు. "మబ్బు పట్టిందిగదా, బస్సు ఎట్ల పోతాదో చూద్దామని వచ్చినా" అని మామకు దండం పెట్టి ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన దాచుకోలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. బావ వీపు ఒక్కసారి బిగుసుకోవడం నేను చూశాను.

చాగలమర్రి దాటాక మధ్యాహ్నమే చీకటి పడింది. నల్లమల వైపునుంచి వాన గోడలా వచ్చి మీద పడింది. బస్సు పైన రాళ్లు కురుస్తున్నట్టు చప్పుడు. బావ వైపరు తిప్పాడు. రబ్బరు మెత్తగా, చప్పుడు లేకుండా ఒక పక్కకు పోయింది. హమ్మయ్య అనుకున్నాను. అది తిరిగి వచ్చేసరికి అద్దమంతా మజ్జిగ పూసినట్టు తెల్లగా అయిపోయింది. ఇంకోసారి తుడిచింది, ఇంకా మసకయింది. తుడిచే కొద్దీ చూపు పోతోంది. బావ తల బయటికి పెట్టి చూశాడు, వాన కళ్లల్లో కొట్టింది. బస్సు నెమ్మదించింది. వెనక ఎవరో "దేవుడా" అన్నారు.

అంతలో బావ బ్రేకు గట్టిగా తొక్కాడు. అందరం ముందుకు తూలాం. బస్సు ముందు, చెయ్యి చాస్తే అందేటంత దగ్గర్లో, చేలనుంచి ఇంటికి పోతున్న ఎద్దుల బండి ఒకటి నడిరోడ్డు మీద ఉంది. బండిలో గోనెసంచులు కప్పుకున్న ఆడవాళ్లు, పిల్లలు. వాళ్లు వెనక్కి తిరిగి మా దీపాల వైపు చూశారు.

బండి పక్కకు తప్పుకుని వెళ్లిపోయింది. అయినా బావ బస్సు కదిలించలేదు. ఇంజను ఆపేశాడు. "కనపడేదాకా కదిలేది లేదు" అన్నాడు, గొంతు పెంచకుండా. ఆగితే ఏం పోతుందో బావకంటే బాగా ఎవరికి తెలుసు? పోగొట్టుకునేది తనే, ఎదురుగా కొనేవాడు కూర్చున్నాడు, వెనక తండ్రి కూర్చున్నాడు. అయినా ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. పెళ్లిలో కూడా నా మొగుణ్ని చూసి నేను అంత గర్వపడలేదు. అదే సమయంలో ఏడుపు కూడా వచ్చింది.

షావుకారి గొడుగు సర్దుకుని, "నిలిచిందిగదప్పా" అన్నాడు మామతో, మెల్లగా.

నాకు ఒళ్లు మండింది. నేను ఎంచి తెచ్చిన రబ్బరు ఇలా ఎలా చేస్తుంది? కిందికి దిగి, వానలో తడుస్తూ, వైపరు ఎత్తి రబ్బరును వేళ్లతో పట్టుకున్నాను. జారిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం. అద్దం నేను తోమినదే, బూడిద చేత్తో తోమినదే. మరి ఈ ఆముదం ఎక్కడిది? తల ఎత్తేసరికి మామ బస్సు మెట్టు మీద నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆయన ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది.

నేను అడగాల్సిన అవసరం రాలేదు. ఆయనే అందరికీ వినబడేలా చెప్పాడు.

"నేనే రాసినా. పూజ నాడు తెల్లారుజామున ఉట్టిలోనుంచి తీసి రాసినా. కపిల తోలు ఎండితే పగులుతాదిగదా, ఇది కూడా అట్లనే అనుకుంటి. పోయినేడు పగిలిండ్య గదా, ఈ తూరి పగలగూడదని."

ఏడాదిగా బస్సును తిట్టిన మనిషి, అమ్మేస్తానని నలుగురిలో చెప్పిన మనిషి, ఎవరూ చూడకుండా తెల్లవారుజామున లేచి దానికి ఆముదం పట్టించాడు. తన బానకు పట్టించినట్టే పట్టించి ఉంటాడు. నాకు ఆయన మీద కోపం తెచ్చుకోవడం చేతకాలేదు. అద్దం మసకబారినా, ఆయన మనసు మాత్రం నాకు ఆ రోజే తేటగా కనిపించింది.

"ఇప్పుడు ఆ నూనె పోయేదెట్ల?" అన్నాడు మామ.

"బూడిద కావాలి మామా. ఈ వానలో యాడ వస్తాది?" అన్నాను.

ఆయన ధోవతి పైకి మడిచి దిగాడు. రోడ్డు పక్క వంకలో పారే నీళ్లలో చెయ్యి పెట్టి, అడుగున ఉన్న సన్నని వండ్రుమట్టి గుప్పెడు తెచ్చాడు. బురదలో పుట్టి పెరిగిన రైతుకు ఆ మట్టి జిడ్డు పీలుస్తుందని ఎవరూ చెప్పక్కర్లేదు. రబ్బరును వైపరులోంచి తీసి, ఆ మట్టితో రుద్ది, కడిగి, మళ్లీ రుద్దాడు. నేను అద్దాన్ని తోమాను. వాన మమ్మల్ని కడుగుతూనే ఉంది. తర్వాత ఆయన తన మొలలోని సంచి తీసి, నములుకునే పొగాకు మొత్తం నా చేతిలో పెట్టాడు. పొగాకు లేకుండా పూట గడవని మనిషి! దాన్ని తడిపి అద్దమంతా రుద్దాను. నీళ్లు బొట్లుగా నిలవడం మానేసి పలచని తెరలా జారిపోయాయి. బావ రబ్బరు బిగించి వైపరు తిప్పాడు. అది ఒక్క చార లేకుండా తుడిచింది. అద్దం అవతల రోడ్డు కనిపించింది, చెట్లు కనిపించాయి. సాయిబుగారి అంగట్లో చూసిన అదే మెరుపు. నేను ఎంచింది తప్పు కాదు. ఆ మాట ఆ వానలో గట్టిగా అరవాలనిపించింది.

ఇంకో చిక్కు మిగిలింది. ఆ కాలపు వైపరుకు కరెంటు మోటారు ఉండేది కాదు, ఇంజను పీల్చే గాలితో ఆడేది. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు తొక్కితే ఆ గాలి చాలక వైపరు సగంలో నిలిచిపోయేది. ముందు ఎత్తు ఉంది. బావ సీటు కింద నుంచి పగ్గం తీసి రెండు ముక్కలు చేసి వైపరుకు కట్టాడు. ఒక కొస తన పక్క కిటికీలోంచి, ఇంకో కొస ఎడమ అద్దం కింద తెరుచుకునే సందులోంచి లోపలికి తీశాడు. కిటికీ వైపు కొస మామ పట్టుకుని కొడుకు వెనక వంగి నిలబడ్డాడు. ఇటు కొస పట్టుకుని నేను ఇంజను పెట్టె పక్కన కూర్చున్నాను. సందులోంచి వాన జల్లు నా ముఖాన కొడుతోంది. ఎత్తు మొదలవగానే వైపరు నిలిచింది. మామ లాగాడు, నేను లాగాను. ఆయన, నేను, ఆయన, నేను. మొదట ఇద్దరమూ ఒకేసారి లాగి తిట్టుకున్నాం. తర్వాత ఆయన కపిల తోలేటప్పుడు ఎద్దులకు చెప్పే అదిలింపు మొదలుపెట్టాడు. ఆ లయకు నా చేతులు కుదిరాయి. వెనక కూర్చున్నవాళ్లు కూడా అందుకున్నారు. షావుకారి గొంతు కూడా అందులో ఉంది, నేను విన్నాను. బావ రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు కానీ, చెవుల దాకా నవ్వుతున్నాడు.

ఆళ్లగడ్డ చేరేసరికి నా అరచేతుల్లో పొక్కులు లేచాయి. బస్సు నిలబడే చోట చూరు కింద జనం చేరి ఉన్నారు. ఏ వైపు నుంచీ బస్సు ఒక్కటి కూడా రాలేదని, మాదే మొదట వచ్చిందని వాళ్లే చెప్పారు. ఆ మాట విని నేను తడిసిన కొంగు పిండుకుంటూ వీలైనంత నిటారుగా నిలబడ్డాను. దిగినవాళ్లు బావ భుజం తట్టి మరీ పోయారు.

షావుకారి చివరగా దిగి గొడుగు విప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ వ్యాపారం వ్యాపారమే. "ఏమప్పా, దోవలో నిలిచిన మాట నిజమేగదా. నీ మాట ప్రకారం ఎప్పుడు రమ్మంటావు?" అన్నాడు.

బావ ఇంజను మూత ఎత్తి లోపల చూస్తున్నట్టు వంగాడు. అందులో చూడాల్సిందేమీ లేదని నాకు తెలుసు. నేను మామ ముఖం వైపే చూశాను. ఆయన మాట ఇస్తే తప్పే మనిషి కాదు. నలుగురిలో అన్న మాట అది.

మామ తలపాగా విప్పి నీళ్లు పిండాడు. చేతులకు ఇంకా వండ్రుమట్టి అంటుకునే ఉంది.

"నిలిచింది బస్సు గాదప్పా. నిలిపింది నేను. ఎదర బండిలో బిడ్డలు ఉంటే మా వాడు బ్రేకు తొక్కినాడు, అది వాని మంచితనం. కండ్లు కనపడకుండా చేసింది నా ఆముదం, అది నా తెలివితక్కువ. దానికి బస్సును అమ్మేదేంది? అమ్మేది లేదు. ఎప్పటికీ లేదు" అన్నాడు.

షావుకారి కాసేపు ఆయన వైపు, కాసేపు బస్సు వైపు చూసి, నవ్వి, దండం పెట్టి వెళ్లిపోయాడు. బావ ఇంజను మూత దించాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తండ్రి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వాళ్లిద్దరి మధ్య అప్పటిదాకా మాటలు తక్కువే.

"అమ్మాయిని ఇంటికాడ దిగబెట్టి నువ్వు కూడా ఆడనే ఉండు నాయనా. అత్త కాచుకొని ఉంటాది" అన్నాడు బావ.

మామ తలపాగా మళ్లీ చుట్టుకుని బస్సెక్కాడు. డ్రైవరు సీటు వెనక తన చోటుకు పోయి, పగ్గం కొస చేతికి చుట్టుకున్నాడు. ఇంకా కిందే నిలబడి ఉన్న నన్ను చూసి కసిరాడు.

"ఏందమ్మా అట్ల చూస్తాండావు? వాన ఇంగా పడ్తానే ఉండాది గదా. నంద్యాల దాకా తాడు ఎవురు లాగుతారు? ఎక్కు!"